లిఫ్టులోంచి కనిపించిన పేకాట

బనగానపల్లె దగ్గర ఒక గుట్ట మీది గుడి శిఖరానికి రంగులు వేయాలని ఈ రోజు మా లిఫ్టు బండిని పైకి ఎక్కించాం. ట్యాంకులా చైన్ల మీద పాకే చిన్న బండి అది. పైకి లేచే దాని చెయ్యి చివర మనిషి నిలబడడానికి బుట్ట ఉంటుంది. దారి లక్ష్మమ్మ అనే పెద్దావిడ చేలోంచి పోవాలి. తనను కూడా బుట్టలో ఎక్కిస్తేనే దారి ఇస్తానంది.

పైన అంతా బండరాళ్లు, ఏటవాలు. బండి ఒరగకుండా పక్కలకు చాపే నాలుగు కాళ్లలో ఒకటి నేలకు ఆనలేదు. దాని కింద చెక్కదిమ్మెలు పేర్చి బండిని మట్టానికి తెచ్చేసరికి మధ్యాహ్నమైంది. మాట ప్రకారం లక్ష్మమ్మకు హెల్మెట్ పెట్టి, బెల్టు కట్టి, నాతో పాటు పైకి తీసుకెళ్లాను. భయపడుతుందనుకుంటే, తీరిగ్గా కిందికి చూసింది.

"మేకలు మేపుకోని వస్తానని పోయినాడప్పా మా ఆయన. ఆడ చూడు, మేకలు మా శెనక్కాయ చేన్లో ఉండాయి. ఆయన రాళ్ల సాటున పేకాట ఆడతాండాడు."

"దిగుదామా అమ్మా?" అన్నాను.

"ఉండప్పా. ఈడి నుంచి శానా బాగా కనపడతాండాది" అని, గొంతెత్తి భర్తను కేకేసింది.

పాపం, ఆయన ముక్కలు పారేసి లేచి నాలుగు దిక్కులూ వెతికాడు. పైకి మాత్రం చూడలేదు. లక్ష్మమ్మ నవ్వాపుకోలేక నా భుజం పట్టుకుంది.

పెళ్లయిన అన్నలూ, మీరైతే పైకి చూసేవాళ్లా?