గన్ను పేల్చని మా వదిన

మా వదిన పెయింట్‌బాల్ ఆడుతుంది. గన్ను మాత్రం పేల్చదు.

ఇది చెబితే ఎవరూ నమ్మరు. ఆట తెలియనివాళ్లు మొదటి మాట దగ్గరే ఆగిపోతారు. యాభై దాటిన మత్తు డాక్టరు మోకాళ్లకు తొడుగులు కట్టుకుని ఇనప డ్రమ్ముల మధ్య పాకడమేమిటండీ అంటారు. ఆట తెలిసినవాళ్లు రెండో మాట దగ్గర నవ్వేస్తారు. ఎదుటివాణ్ణి రంగు గోళీతో కొట్టడమే ఆట కదా, కొట్టకుండా ఈవిడ ఆడేదేమిటీ అంటారు. ఏం చెయ్యను, రెండూ నిజమే. ఆవిడ జట్టులోనే ఆడుతున్నాను కాబట్టి నాకు తెలుసు.

ఊరి చివర మూతపడ్డ ఇటుకల ఫ్యాక్టరీ ఆవరణే మా మైదానం. చుట్టూ ఎత్తుగా వల కట్టి ఉంటుంది. లోపల పాత డ్రమ్ములు, లారీ టైర్ల దొంతరలు, సగం కూలిన గోడలు, నడుమంతా గులకరాళ్లు. గోళీ తగిలి రంగు పగిలిందంటే చెయ్యెత్తి వల బయటికి నడవాల్సిందే. ఇంకో నియమం కూడా ఉంది. ఎవరినైనా దగ్గరికి వెళ్లి భుజం తట్టినా వాళ్లు ఔటే. ఆ నియమాన్ని ఎవరూ వాడరు. అంత దగ్గరికి చేరేలోపు మనిషి ఇంద్రధనుస్సు అయిపోతాడు.

వదిన వాడేది ఆ ఒక్క నియమాన్నే.

మొదట్లో ఒకసారి ఎదుటి జట్టువాళ్లు ముగ్గురు టైర్ల వెనక నక్కి, మావైపు తొంగి తొంగి చూస్తున్నారు. మిగిలింది వదిన ఒక్కతే.

"ఆ మత్తు డాక్టరు ఎక్కడుందిరా?"

"గోడ వెనక ఉండాలి."

"కాదురా, డ్రమ్ముల దగ్గర ఏదో కదిలింది."

"అది డబ్బారేకు నాన్నా. గాలికి కదులుతోంది," అంది వదిన వాళ్ల పక్కనే కూర్చుని. వాళ్లు తల తిప్పేసరికే వరసగా మూడు భుజాలూ తట్టేసింది. "అయిపోయింది నాన్నా, లేవండి. వెళ్లి కాఫీ తాగండి."

వల బయటికొచ్చాక వాళ్లలో ఒకడు నా చెయ్యి పట్టుకున్నాడు. "అన్నా, ఆవిడ ఎటునుంచి వచ్చింది?" అన్నాడు. నేను మొదటినుంచీ చూస్తూనే ఉన్నాను. నాకూ తెలియదు.

ఆస్పత్రిలో కూడా ఆవిడది ఇదే పద్ధతట. రోగి భయంభయంగా "డాక్టరమ్మా, సూది ఎప్పుడు వేస్తారు?" అని అడిగితే, "వేసేశాను నాన్నా," అంటుందట.

ఇంట్లో సంగతి మా అన్నయ్యనే అడగాలి. పెళ్లైనప్పటినుంచీ పాపం ఆయన వెనక్కి తిరిగి చూసుకుంటూనే బతుకుతున్నాడు. డాక్టర్లు తీపి మానెయ్యమన్నారు కదా, ఎవరూ లేని సమయం చూసి ఫ్రిజ్ తలుపు తీస్తాడు. కేకు ముక్క మీద చెయ్యి పడేలోపే ఆయన భుజం మీద చెయ్యి పడుతుంది.

"ఈ మనిషి చెప్పుల్లో ఏముందిరా?" అని ఒకరోజు నన్ను పక్కకు పిలిచి అడిగాడు. "దూదా?"

"చెప్పులు చూశావా మరి?"

"చూశాను. మామూలు చెప్పులే. అదే నా భయం."

వదిన సాధనంతా ఇంట్లోనే చేసేది. హాలంతా పాత న్యూస్‌పేపర్లు పరిచి, పడక్కుర్చీలో కునుకుతీస్తున్న అన్నయ్యకు మెలకువ రాకుండా ఈ చివరినుంచి ఆ చివరికి నడిచేది. నన్నూ నడవమంది. నేను మొదటి అడుగు వేయగానే అన్నయ్య "ఎవరదీ, కిరాణా కుర్రాడా?" అని లేచి కూర్చున్నాడు.

"పాదం మొత్తం ఒకేసారి పెడితే ఎలా?" అంది వదిన. "బయటి అంచు ముందు ఆనించు. కింద ఏముందో పాదానికి తెలియనియ్యి. తర్వాత బరువు వెయ్యి. ఎదుటివాళ్లు కాలుస్తున్నప్పుడు కదులు, వాళ్ల చప్పుడే నీకు ముసుగు. వాళ్లు ఆగితే నువ్వూ ఆగు. ఒకసారి తొంగిచూసిన చోటునుంచి రెండోసారి చూడకు."

నేను లిఫ్టులు బాగుచేసే మనిషిని. చప్పుడు వినడమే నా పని. ఎక్కడ బేరింగు అరిగిందో చెవిపెట్టి చెబుతాను. అలాంటి నేను కళ్లు మూసుకుని ఎంత చెవులు రిక్కించినా వదిన అడుగు వినపడలేదు. కళ్లు తెరిస్తే ఎదురుగా ఉంది.

ఒక్క విషయంలో మాత్రం ఆవిడతో పెట్టుకోలేం. అది మాస్కు. వల లోపల ఎవరి చెయ్యి మాస్కు వైపు వెళ్లినా ఊరుకోదు. ఆటకు ముందు అందరి పట్టీలూ లాగి చూస్తుంది. ఆట ఆపగానే ప్రతి గన్ను గొట్టానికీ తొడుగు ఉందా లేదా అని వంగి వంగి చూస్తుంది. గోళీ వేగం కొలిచే మీటరు ముందు తనే నిలబడి, ఎక్కువ చూపిస్తే గన్ను లాక్కుంటుంది. "ముక్కు దురదగా ఉంది డాక్టరుగారూ" అని మా జట్టులో ఆడే జిమ్ము మాస్టారు ఒకసారి బతిమాలాడు. "బయటికెళ్లి గోక్కుని రా. ముక్కు ఎక్కడికీ పోదు," అంది.

ఇన్ని జాగ్రత్తలున్నా ఆవిడ గన్ను పేల్చదని మా కెప్టెనుకు ఒకటే మంట. ఆయన డ్రైవింగ్ స్కూలు నడుపుతాడు. పక్క సీట్లో కూర్చుని అరిచీ అరిచీ మామూలుగా మాట్లాడటమే మర్చిపోయాడు.

"డాక్టరుగారూ! ఆ గన్ను మోయడం దేనికండీ? గొడుగు తెచ్చుకోండి, ఎండకైనా పనికొస్తుంది!"

"అవసరం వస్తే పేలుస్తానులెండి."

"ఎప్పుడొస్తుందండీ ఆ అవసరం?"

"రాకూడదనే కదా ఇంత మెల్లగా నడిచేది."

ఆవిడకు అసలు గురి లేదని, అందుకే పేల్చదని జట్టంతా తేల్చేసింది. నేనూ కాస్త అలాగే అనుకున్నాను. ఒక ఉదయం కొత్తగా చేరిన పిల్ల, పోస్టాఫీసులో పనిచేస్తుంది, అద్దె గన్ను పట్టుకుని ఏడుపుమొహంతో వచ్చింది. గోళీలన్నీ వంకరగా పోతున్నాయట. గురి చూసుకునే గోడ మీద డబ్బా మూతలు వేలాడదీసి ఉన్నాయి. వదిన గన్ను తీసుకుంది. మోచెయ్యి ఒంటికి ఆనించింది. టప్, టప్, టప్. ఈ చివరి మూత మొదలు ఆ చివరి మూత దాకా అన్నీ ఎర్రగా అయిపోయాయి. అంతటితో ఊరుకుందా? ఎడమచేతికి మార్చుకుని, ఊగుతున్న మూతలనే వెనకనుంచి ముందుకు మళ్లీ కొట్టుకొచ్చింది.

"గన్ను బాగానే ఉందమ్మా. నీ మోచెయ్యి బయటికి వస్తోంది, అంతే," అని గొట్టానికి తొడుగు వేసి ఇచ్చేసి వెళ్లిపోయింది.

చూసింది నేనూ, ఆ పిల్లా.

ఇలా ఉండగా, మైదానం యజమాని ఒక మెలిక పెట్టాడు. ఆదివారాలు మాకే కావాలని మేమూ, మాకే కావాలని ఐసు ఫ్యాక్టరీ జట్టూ ఆయన ప్రాణం తీస్తున్నాం. "మీరూ మీరూ ఆడి తేల్చుకోండి. గెలిచినవాళ్లకు ఆదివారాలు. ఓడినవాళ్లకు మంగళవారం మధ్యాహ్నాలు," అన్నాడు. మంగళవారం మధ్యాహ్నం అందరికీ ఉద్యోగాలే. ఓడితే జట్టు మూసుకోవడమేనని చెప్పక్కర్లేదు.

ఐసు ఫ్యాక్టరీవాళ్లంటే మనుషులు కారు, బీరువాలు. అందరికన్నా పెద్ద బీరువా వాళ్ల కెప్టెను. కాకపోతే ఆ రోజు వాళ్లలో ఒకడికి కాలు బెణికి, మనిషి తక్కువై, వాళ్ల అకౌంటెంటును బలవంతాన పట్టుకొచ్చారు. కళ్లజోడు మీద మాస్కు, చొక్కా జేబులో పెన్ను. "గట్టిగా తగులుతుందాండీ?" అని మావాళ్లనీ, వాళ్లవాళ్లనీ, చివరికి కాఫీ పోసే ఆయన్నీ కూడా అడిగాడు.

ఆట హోరాహోరీగా సాగింది. మా కెప్టెను "ఎడమకి! ఎడమకి కొయ్!" అని అరుస్తూ, తనెక్కడున్నాడో ఊరంతటికీ చెప్పి మరీ ఔటయ్యాడు. జిమ్ము మాస్టారు పోయాడు. పోస్టాఫీసు పిల్ల ఇద్దర్ని పడగొట్టి పోయింది. చివరికి మావైపు నేనూ వదినా, వాళ్లవైపు కెప్టెనూ అకౌంటెంటూ మిగిలాం.

అకౌంటెంటు ఒక డ్రమ్ము వెనక ఉన్నాడు. నాకు కనపడేది డ్రమ్ము అంచు దాటిన మాస్కు ముక్క మాత్రమే. అతను కదలడానికి వీల్లేకుండా నేను ఆ అంచు మీదే ఆగి ఆగి కాలుస్తున్నాను. వదిన ఏమైందో తెలియదు. ఉన్నట్టుండి వాళ్ల కెప్టెను వెనక, కూలిన గోడ నీడలోంచి ఆవిడ చెయ్యి పైకి లేవడం కనపడింది. చేతికీ ఆ పెద్ద భుజానికీ మధ్య జానెడు దూరం. ఒక్క తట్టు తడితే ఇక మిగిలేది అకౌంటెంటే, ఆదివారాలు మావే.

ఆ చెయ్యి అక్కడే ఆగింది.

"మాస్కు తియ్యొద్దు! చెయ్యి దించు!"

అరిచింది మా వదిన. ఇన్నేళ్లలో ఆవిడ గొంతు పెరగడం నేను విననేలేదు. వల మీద పిచ్చుకలు లేచిపోయాయి. చెమటకి అకౌంటెంటు కళ్లజోడూ మాస్కు అద్దమూ ఆవిరి పట్టి, ఏమీ కనపడక, బెదిరిపోయి పట్టీ కింద వేళ్లు దూర్చాడట. అది నావైపునుంచి కనపడదు, రెఫరీకీ కనపడలేదు. కనపడింది వదిన ఒక్కదానికే. ఆ కేకకు అతను ఉన్నవాడు ఉన్నట్టే బిగుసుకుపోయాడు. కానీ నా వేలు అప్పటికే నొక్కేసింది.

గోళీ వెళ్లి అతని మాస్కు మీద పగిలింది. సరిగ్గా కుడికన్ను మీద.

దాక్కోవాలన్న సంగతే మర్చిపోయి లేచి నిలబడిపోయాను. అవతల వదిన కేకకు వాళ్ల కెప్టెను అదిరిపడి గిర్రున తిరిగి, కంగారులో అంత దగ్గరనుంచి వదిన వీపు మీద వరసగా కాల్చేశాడు. వదిన చెయ్యెత్తింది, ఔటయ్యానన్నట్టు. నడక మాత్రం ఆపలేదు. నేరుగా అకౌంటెంటు దగ్గరికి వెళ్లి, రెండు అరచేతులతో అతని మాస్కును ముఖానికి అదిమిపట్టి, "ఏం లేదు నాన్నా. ముక్కుతో ఊపిరి పీల్చు. నాతో రా," అంటూ వల బయటికి నడిపించుకొచ్చింది. వాళ్ల కెప్టెను నన్ను ఎప్పుడు కొట్టాడో కూడా నాకు గుర్తులేదు.

మేం ఓడిపోయాం.

బయటికొచ్చాక అకౌంటెంటు మాస్కు తీసి, అద్దం మీది రంగు చూసి, బెంచీ మీద కూలబడ్డాడు. నేను వెళ్లి పక్కన కూర్చున్నాను.

మా కెప్టెను ఉండబట్టలేకపోయాడు. "ముందు వాణ్ణి తట్టి, ఆ తర్వాత అరవొచ్చు కదండీ! జానెడు దూరం!"

"ఆ జానెడులో కన్ను పోయేది," అంది వదిన.

అకౌంటెంటు ఆవిడ వీపు వంక చూశాడు. "బాగా నొప్పిగా ఉందాండీ?"

"ఉండదూ! ప్రాణం పోతోంది. ఇంత నొప్పని తెలిసే నేనెవర్నీ కొట్టను," అంది వదిన నడుం పట్టుకుని కూర్చుంటూ. "పైగా మొదటి రోజే దెబ్బ తగిలితే మనిషి మళ్లీ రాడు. ఎవరూ రాకపోతే నేనెవరితో ఆడాలి?"

పోస్టాఫీసు పిల్ల మెల్లగా అంది. "నా మొదటి రోజు నన్ను ఔట్ చేసింది డాక్టరుగారే."

"నన్నూ," అన్నాడు జిమ్ము మాస్టారు.

లెక్కేసుకుంటే మా జట్టులో ప్రతివాడూ అలా వచ్చినవాడే. ఎదుటి జట్టులో భయపడుతున్న కొత్తవాణ్ణి వెతుక్కుంటూ వెళ్లి, దెబ్బ తగలకముందే భుజం తట్టి కాఫీకి పంపించేది. మేమందరం అది ఆవిడ తిక్క అనుకున్నాం. అందరూ కెప్టెను వైపు చూశారు. ఆయన గొంతు సవరించుకుని, నేను మొట్టమొదటిసారి విన్న మామూలు గొంతుతో, "నేనైతే ఆ రోజు డ్రమ్ములోనే దాక్కున్నాను," అన్నాడు. "మూత తీసి మరీ తట్టారు."

అప్పుడు నవ్వారు అందరూ. అకౌంటెంటు కూడా.

సాయంత్రం వదిన సోఫాలో బోర్లా పడుకుని ఉంటే తలుపు చప్పుడైంది. ఐసు ఫ్యాక్టరీ కెప్టెను. వెనక ఇద్దరు మనుషులు గోనెసంచి చుట్టిన మంచుదిమ్మ మోసుకొస్తున్నారు. పెళ్లి విందుకు సరిపోతుంది అది.

"వాపుకి మంచిదని తెచ్చానండీ," అన్నాడు తలొంచుకుని. "ఆదివారాలు కలిసే ఆడదామని మావాళ్లందరి మాట. అకౌంటెంటు అయితే మీ జట్టులోనే చేరతానంటున్నాడు."

అన్నయ్య మంచుదిమ్మ చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, "దీన్ని వీపు మీద పెడితే మనిషి మిగలదు," అని సుత్తి వెతకడానికి వెళ్లాడు.

కెప్టెను వెళ్లబోయి ఆగాడు. "డాక్టరుగారూ, ఒక్క మాట. మీరు నా వెనక ఎంతసేపటినుంచి ఉన్నారు?"

"చాలాసేపైంది నాన్నా. మీ ఆవిడ పుట్టినరోజు ఇవాళ అని నీలో నువ్వు గొణుక్కుంటున్నప్పటినుంచి," అంది వదిన తలెత్తకుండానే. "ఇంతకీ ఏమైనా కొన్నావా?"

ఆ బీరువా మనిషి మొహంలో రంగు మారిపోయింది. గోడ గడియారం చూశాడు, మా అందరి మొహాలూ చూశాడు, చివరికి ఆశగా మంచుదిమ్మ వైపు చూశాడు.

"అది మాత్రం తీసుకెళ్లకు," అంది వదిన. "మూల మీద పూలకొట్టు ఇంకా తెరిచే ఉంటుంది. పరిగెత్తు."