ఫ్యాను హోరులోంచి తీసుకున్న గొంతు

చెరకుతోట గట్టు మీద నుంచి మా ఆయన పిలిస్తే అవతలి మడిలో ఉన్న నాకు వినబడాలి. ఆ రోజు వినబడలేదు. తిరిగి చూస్తే తువ్వాలు ఊపుతున్నారు. గొంతు బొంగురుపోయింది. జలుబనుకున్నాం. చోడవరంలో మందులు వాడినా బొంగురు పోలేదు. విశాఖలో ఎండోస్కోపీ, బయాప్సీ, స్కాన్ అయ్యాక డాక్టరుగారు చెప్పారు.

"క్యాన్సరమ్మా. టోటల్ లారింజెక్టమీ చెయ్యాలి, అంటే స్వరపేటిక మొత్తం తీసెయ్యాలి. ఈ గొంతు మాత్రం ఇక ఉండదు."

మా ఇంట్లో సాయంత్రం ప్రార్థన ఆయనే చేస్తారు. అందరినీ పేరుపేరునా తలుస్తారు. ఆగిన చోటల్లా నేను స్తోత్రం అంటాను. ఆ ప్రార్థన దాచుకుందామని మా అమ్మాయి కరుణ ఫోనులో రికార్డు చేసింది. ఫ్యాను హోరులో ఆయన మాట మునిగిపోయింది.

కంప్యూటర్లో ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేరు పెట్టుకుంది. ఎవరూ మాట్లాడని చోట ఫ్యాను చప్పుడు కాస్త చూపిస్తే, అది మొత్తంలోంచి ఆ చప్పుడు తీసేస్తుందట.

"ఖాళీ ఏదే అమ్మా? నాన్న ఊపిరి తీసుకుంటే సాలు, స్తోత్రం అంటన్నావు."

"ప్రార్థనలో నోరు మూసుకుని కూకుంటారేటే?"

నా స్తోత్రం కలిసిన ముక్కనే చూపించింది. ఫ్యానుతో పాటు ఆయన మాటా అరిగిపోయింది.

"నూతిలోంచి మాటాడతన్నానేటి?" అని ఆయన నవ్వారు.

అడ్మిట్ అయ్యే ముందురోజు మళ్లీ రికార్డు చేశాం. ముందు అందరం ఊరుకున్నాం. ఫ్యాను ఒక్కటే తిరిగింది. తరవాత ఆయన మొదలెట్టారు. నేను పెదాలు బిగించి కూర్చున్నాను. సగంలో ఆయన కళ్లు తెరిచారు.

"ఏటే, నిద్దరోయేవా? స్తోత్రం అనవేటి?"

"అనేయమ్మా, ఖాళీ ముందే దొరికీసింది," అంది కరుణ.

ఈసారి మాట తేటగా వచ్చింది. మధ్యలో ఆయన నన్నడిగిన ఆ నిద్ర మాట కత్తిరిస్తానని కరుణ అంటే నేను ఒప్పుకోలేదు.

ఆపరేషను తరవాత గొంతు లోపలి కుట్ల దగ్గర లీకు వచ్చింది. "నోటితో చుక్క కూడా వద్దు," అన్నారు డాక్టరుగారు. ముక్కులో ట్యూబుతోనే గంజి. నేను వార్డు బయట ఫోను చెవికి పెట్టుకుని, నా పేరు వచ్చే చోటు మళ్లీ మళ్లీ వినేదాన్ని.

ఇప్పుడు ఆయన మెడకు మిషను ఆనించి మాట్లాడతారు. కూరలో ఉప్పు తక్కువైందని దాంతో కూడా బాగానే చెబుతారు. ప్రార్థనకి రికార్డు పెట్టనా అంటే, "నేనున్నాను గదే" అని మిషనుతోనే చేస్తారు.

ఇలాంటి ఆపరేషను ఉన్నవాళ్లు ముందే గొంతు రికార్డు చేసుకోండి. మొదట కాసేపు అందరూ ఊరుకుని గది చప్పుడు ఒక్కటే పడనివ్వండి. శుభ్రం చేసేది కాపీలోనే చెయ్యండి, అసలుది ముట్టుకోవద్దు. ఆ కాసేపు అయ్యాక మీరూ మామూలుగా పలకండి.