పదిహేడు అంగుళాలు

మా తమ్ముడు ముప్ఫై ఏళ్ళుగా బస్సు డిపోలో సీట్లు కుడుతున్నాడు. ఫోమ్ కోయడం, రెక్సిన్ బిగించడం, చిరిగిన చోట అతుకు కనపడకుండా వేయడం, ఇవే వాడికి తెలిసిన విద్యలు. ఎవరింటికి వెళ్ళినా ముందు కుర్చీని నొక్కి చూసి గానీ కూర్చోడు. ఏ సీటు బిగించినా అడుగున, ఎవరికీ కనిపించని చోట, పెన్సిల్‌తో దాని కొలత రాస్తాడు. వాడు మంచివాడే. కాకపోతే ఎదుటివాళ్ళ సుఖం కూడా తనకే బాగా తెలుసనుకునే రకం. అక్కని కాబట్టి ఈ మాట అనగలను.

రెండేళ్ళ కిందట వాడి భార్య పోయింది. మొన్న కూతురికి ఆపరేషన్ చేసి ఆడపిల్లని తీశారు. అమ్మాయీ అల్లుడూ వాడి దగ్గరే ఉంటారు. వాడు తన పనిముట్లుండే చిన్న గది ఖాళీ చేసి, లేత పసుపు రంగు వేసి, ఇక ఇది పాప గది అన్నాడు. అందులో పాప మంచం పక్కన భార్య కూర్చునే ఊగుడు కుర్చీ తెచ్చి పెట్టాడు. అది మా మరదలికి వాళ్ళమ్మ ఇచ్చింది. నల్లటి చెక్క, చేతులు ఆనే చోట అరిగి నునుపు తేలింది. అమ్మాయి కూడా అదే కావాలంది. "అమ్మ నన్ను ఇందులోనే కూర్చుని పెంచింది కదా అత్తా" అంది నాతో.

వచ్చిన చిక్కల్లా పాప పాలు తాగకపోవడం. రెండు గుక్కలు తాగి, వదిలేసి ఏడుస్తుంది. ఊపితేనే మళ్ళీ నోరు పెడుతుంది. ఎత్తుకుని తిరుగుదామంటే కుట్ల నొప్పితో అమ్మాయి నాలుగడుగులు వేయలేదు. డబ్బా పాలు పడితే పాప కక్కేస్తోంది. మంగళవారం నర్సు తూచి, పుట్టినప్పటికన్నా బరువు తగ్గిందని చెప్పింది. శుక్రవారానికి కాస్తయినా పెరగకపోతే ఆసుపత్రిలో చేర్చాలంది.

"ముందు మీరు సుఖంగా కూర్చోండమ్మా. మీరే బిగుసుకుపోతే పాప ఎలా తాగుతుంది?" అని కూడా అంది నర్సు.

ఆ మాట మా తమ్ముడు పట్టుకున్నాడు. కూర్చోబెట్టడం వాడి విద్య కదా. బుధవారం పొద్దున్నే సెలవు పెట్టి, నాలుగంగుళాల ఫోమ్ కోసి, మెత్తటి గుడ్డ తొడిగి, సీటు మీద బిగించాడు. చేతులకి కూడా మెత్తలు కట్టాడు. కూతుర్ని కూర్చోబెట్టి, "ఎలా ఉందమ్మా?" అని అడిగాడు.

"బాగుంది నాన్నా."

ఏం బాగు? నేను గుమ్మంలో నిలబడి చూస్తూనే ఉన్నాను. వాళ్ళమ్మలాగే పొట్టి పిల్ల. పాదాలు గాల్లో వేలాడుతున్నాయి. వెనక్కి వాలితే పాపతో సహా పడిపోతానేమోనని ముందుకు వంగుతుంది, వంగితే కుట్లు లాగుతాయి. పళ్ళ బిగువున కూర్చుంది. పాప రెండు గుక్కలు తాగి కెవ్వుమంది.

గురువారం వాడు వీపుకి ఒక దిండూ నడుముకి ఇంకో దిండూ పెట్టాడు. మరదలు కాళ్ళు పెట్టుకునే పీట అటక మీద నుంచి దింపి, అమ్మాయి పాదాల కింద వేశాడు. ఊగుదామని కాళ్ళతో తంతే పీట జారిపోతుంది తప్ప కుర్చీ కదలదు. నేను వెనక నుంచి ఊపబోతే పడిపోతానని అమ్మాయి వద్దంది. మధ్యాహ్నానికి పాప గొంతు బొంగురుపోయింది. ఏడవడానికి కూడా ఓపిక లేక మూలుగుతోంది.

"నా వల్ల కావట్లేదు నాన్నా" అంది అమ్మాయి. "అమ్మకి ఇదంతా ఎలా చేతనైంది? నా చేతుల్లోనే ఇది ఏమైపోతుందోనని భయంగా ఉంది."

"అలా అనకమ్మా. ఇంకో అంగుళం ఫోమ్ వేస్తాను" అన్నాడు వాడు.

నాకు ఒళ్ళు మండింది. "నీ ఫోమ్ తగలెయ్య. ఇంకా పెంచితే పిల్ల ఇంటికప్పు మీద కూర్చోవాలి. సీటు కిందికి దించరా."

వాడు ఒంటికాలి మీద లేచాడు. "మా అత్తగారి కాలం నుంచి ఇది ఇలాగే ఉందక్కా. దీని మీద ఎవరూ చెయ్యి వెయ్యలేదు. నీ మరదలు ఇరవయ్యారేళ్ళు ఇందులో కూర్చుంది. ఒక్కనాడు బాగాలేదని అనలేదు."

"అనలేదులే. ముందు టేపు తెచ్చి పిల్ల కాలు కొలువు."

కొలిచాడు. మనిషిని కొలవడం వాడికి అదే మొదటిసారి అనుకుంటాను. మడమ నుంచి మోకాలి మడత దాకా పద్నాలుగు. ఫోమ్ తీసేసి సీటు ఎత్తు కొలిస్తే పదిహేడు. డిపోలో సీట్లన్నీ పదిహేడే. వాడు టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

కుర్చీని వరండాలోకి మోసుకెళ్ళి బోర్లించాడు. సీటు పలకని రెండు పక్కలా రెండు చెక్క బద్దలు మోస్తున్నాయి. వాటి స్క్రూలు విప్పుతూ విప్పుతూ మధ్యలో ఆగిపోయాడు. ఎంతకీ కదలకపోతే నేనే వెళ్ళి వంగి చూశాను. బద్దలున్న చోటికి మూడంగుళాల దిగువన పాత స్క్రూల బెజ్జాలున్నాయి, రంపప్పొట్టులో జిగురు కలిపి పూడ్చినవి. పలక అడుగున పెన్సిల్‌తో ఒక గీత, దాని పక్కన 17. మా తమ్ముడి చేతిరాత.

"నేనే ఎత్తు పెంచానక్కా" అన్నాడు. "డిపోలో పని నేర్చుకున్న కొత్తలో. అమ్మాయి పుట్టిందని, తనకి సుఖంగా ఉంటుందని. ఎలా ఉందంటే బాగుందండి అంది."

పీట లేకపోతే మహారాణిగారు కూర్చోరని వాడు మా మరదల్ని ఎన్నిసార్లు ఆటపట్టించాడో నాకు గుర్తుంది. నేనూ నవ్వేదాన్ని. తనూ నవ్వేది. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంది.

వాడు కళ్ళు తుడుచుకుంటూనే పాత బెజ్జాలు తిరగతోడి, బద్దలు అక్కడే బిగించాడు. తొడలకి ఒరుసుకోకుండా సీటు ముందు అంచు గుండ్రంగా చెక్కాడు. మీద నొక్కితే అణిగిపోయే పల్చటి మెత్త ఒక్కటే వేశాడు. కూతుర్ని కూర్చోబెట్టాక ఈసారి ఎలా ఉందని అడగలేదు. నేల మీద చతికిలబడి, ఆ పిల్ల మడమల కింద చెయ్యి దూర్చి చూశాడు. వేలు కూడా దూరలేదు.

అమ్మాయి కాలి వేళ్ళతో నేలని నొక్కింది. కుర్చీ కిర్రుమని ఊగింది. పాప రెండు గుక్కలు తాగి వదిలేసింది. కుర్చీ ఇంకోసారి ఊగింది. పాప మళ్ళీ పట్టుకుంది, ఇక వదల్లేదు.

శుక్రవారం ముప్ఫై గ్రాములు పెరిగింది. ఇది చాలదు, సోమవారం మళ్ళీ తీసుకురండి అని నర్సు మమ్మల్ని ఇంటికి పంపింది. సోమవారం ఏమంటుందోనని భయం మాలో ఎవరికీ పోలేదు.

ఇంటికొచ్చాక మా తమ్ముడు పీట ఒళ్ళో పెట్టుకుని వరండా మెట్ల మీద కూర్చున్నాడు. లోపల కుర్చీ కిర్రు కిర్రుమంటోంది.

"ఇరవయ్యారేళ్ళక్కా. తను ఒక్కసారైనా ఇందులో ఊగి ఉంటుందా?"

నేనుండేది పక్క వీధిలోనే. ఆ ఇంటికి రోజూ వస్తూ పోతూ ఉన్నదాన్ని. ఆ కుర్చీ చప్పుడు నేను గురువారమే మొదటిసారి విన్నాను.

"ఊగే ఉంటుందిలేరా" అన్నాను. పుట్టి బుద్ధెరిగాక నేను వాడికి చెప్పిన అబద్ధం అదొక్కటే.