అవ్వ ఆపిన భయం

బస్సులో రేగిన భయం దానంతటదే చల్లారిందని నా పరిశోధనా గ్రంథంలో రాసుకున్నాను. అది తప్పు. చల్లార్చింది ఒక అవ్వ.

తొంభైల చివర, ధర్మవరం పోతున్న బస్సు. అందరూ ఒకేసారి డబ్బు తీసుకుంటే ఎంత మంచి బ్యాంకైనా మునుగుతుందని, బ్యాంకుల మీద నేను చేస్తున్న పరిశోధన గురించి పక్కాయనకు గొప్పగా చెప్పాను. ఆయన అదిరిపడి లేచాడు.

"ఏమప్పా, మన ధర్మవరం బ్యాంకు మునిగిపోతాదంట! ఇప్పుడే పోయి దుడ్లు తీసుకుందాం రాండి!"

బస్సంతా లేచింది. అప్పుడు వెనక సీట్లోని అవ్వ, చెనక్కాయలు అమ్మిన డబ్బుల మూట పైకెత్తింది.

"నేను ఈ దుడ్లు బ్యాంకులో కట్టేకి పోతాండా. మీరంతా ఈ పొద్దే వస్తే నాకు లైను పెరుగుతాది. రేపు రాండప్పా!"

నవ్వుకుంటూ అందరూ కూర్చున్నారు.

బ్యాంకు దగ్గర దిగేటప్పుడు ఆమె నా చెవిలో అడిగింది. "నిజం చెప్పు నాయనా, మునగదు గదా?"

"మునగదవ్వా."

మూట చంకలో బిగించి, అందరికంటే ముందు బ్యాంకు మెట్లెక్కింది.