ఆ రెండు సన్న తీగలు

మా అమ్మాయి ఎల్బీనగర్‌లోని ఒక చిన్న కంపెనీ కోసం ఇంట్లోనే సర్క్యూట్ బోర్డులు పరీక్షిస్తుంది. బోర్డులకు కరెంటిచ్చే తన పవర్ సప్లై పెట్టెలోని ఫ్యాను మోతకు పారాయణం మీద మనసు నిలవడం లేదన్నానని, పాపం ఇవాళ దాన్ని పక్క గదిలోకి మార్చి పొడుగు తీగలు లాగింది. దాంతో సాయంత్రం అప్పజెప్పాల్సిన బోర్డు మాటిమాటికీ ఆగిపోసాగింది. సప్లై మీద మాత్రం ఐదు వోల్టులు కనిపిస్తూనే ఉన్నాయి.

బోర్డు దగ్గర మీటరు పెట్టి చూసి, "దారిలనే అర వోల్టు పోతున్నదమ్మా," అంది. సప్లై నుంచి బోర్డు దాకా ఇంకో రెండు సన్న తీగలు కట్టింది. బోర్డు ఆగకుండా నడిచింది.

"గివెందుకే?" అన్నాను.

"బోర్డుకు ఎంత అందిందో సప్లైకి చెప్తయి. తక్కువైతే అది పెంచి ఇస్తది. సప్లై కాడ ఐదు చూపిస్తే సరిపోదు, బోర్డు కాడ అడగాలె."

తను బోర్డు ఇచ్చి వచ్చేసరికి నేను దీపం పెడుతున్నాను. ఫ్యాను మోత నాకు ఇబ్బందని చెప్పాను గానీ, తన ఇబ్బంది ఎప్పుడూ అడగలేదు.

"నా పారాయణం నీ పనికి అడ్డమైతున్నదా బిడ్డా?"

"ఇన్నేండ్లకు అడిగినవా! జర మెల్లగ చదువమ్మా."

నాది మెత్తని గొంతని అందరూ అంటారు. మీ వల్ల ఎవరికైనా ఇబ్బందా అని మీరూ మీ ఇంట్లో ఒకసారి అడిగి చూడండి, ఏమన్నారో చెప్పండి.