ఆవకాయ జాడీ కింది ఇటుక

మా చిన్నప్పుడు... ఇబ్రహీంపట్నంలో మా వంటింట్లో ఆవకాయ జాడీ ఓ పాత ఇటుక మీద ఉండేది. సగం విరిగిన ముక్కే అయినా మామూలు ఇటుకకన్నా పెద్దది. దాని మీద ఎవరో మూడు వేళ్ళతో గీసిన గీతలు... వాటిలో నా వేళ్ళు పెట్టి ఆడుకునేదాన్ని.

దాని మీద కాలు పెడితే మాత్రం అమ్మమ్మ చేతిలో వీపు విమానం మోతే!

అమ్మమ్మ పుట్టిల్లు నాగార్జునకొండ లోయలో. చుట్టూ నల్లమల, మధ్యలో కృష్ణమ్మ. పొలం దున్నితే ఇలాంటి ఇటుకలు బయటపడేవట. బౌద్ధ స్తూపాలవని ఎవరికి తెలుసు? మెట్లకీ, పొయ్యిలకీ, దొడ్డిగోడలకీ వాడేసుకున్నారు. సాగర్ డ్యామ్ కోసం ఊరు ఖాళీ చేసేటప్పుడు, పుట్టింటి మెట్టులోంచి అమ్మమ్మ ఈ ముక్క పెకలించి తెచ్చుకుంది.

ఆరో తరగతిలో మా బడివాళ్ళు లాంచీలో ఆ కొండకి తీసుకెళ్ళారు. ఇప్పుడది నీళ్ళ మధ్య దీవి. లోయలో మునిగిపోయే కట్టడాలు కొన్నిటిని విప్పి, కొండ మీదికి తెచ్చి మళ్ళీ కట్టారట. ఎంత ఓపికో ఆ మనుషులకి... నోరెళ్ళబెట్టి చూశాను. అంతలో ఓ ఇటుక మీద అవే మూడు వేళ్ళ గీతలు! అంటే మా ఇటుక ఇక్కడి సొత్తేనా!

ఇంటికొచ్చి ఏడుపు... "అమ్మమ్మా, మన ఇటుక అక్కడిదంట. పోలీసులొచ్చి నిన్ను పట్టుకెళ్తారు!"

అమ్మమ్మ నవ్వలేదు. "మళ్ళీ కట్టారా? నీ కళ్ళతో చూశావా?" అని రెండుసార్లు అడిగింది.

వారం తిరక్కుండా ఇటుకని గోనెసంచిలో చుట్టి, నాన్న చేత మోయించుకుని, నన్నూ తీసుకుని బయల్దేరింది. లాంచీలో అందరూ కొండల్ని చూస్తుంటే, అమ్మమ్మ మాత్రం నీళ్ళలోకే చూస్తూ కూర్చుంది.

అక్కడి వాచ్‌మన్ ఆశ్చర్యపోయాడు. "ఇన్నేళ్ళకి ఎవరడిగారండీ మామ్మగారూ? ఇంట్లోనే ఉంచుకోకపోయారా?"

"దీనోళ్ళంతా ఇక్కడే ఉన్నారు బాబూ. దీన్నన్నా ఇంటికి చేరనీ... నా ఇల్లు నీళ్ళ కింద ఉంది."

ఊరి గుర్తుగా తనకి మిగిలింది ఆ ఒక్క ముక్కే. ఎవరూ అడక్కుండానే ఇచ్చేసింది. అంత పెద్ద మనసు నేను మళ్ళీ చూడలేదు.

ఇప్పుడు మా ఇంట్లో ఆవకాయ ఫ్రిజ్‌లో, ప్లాస్టిక్ డబ్బాలో ఉంటోంది. అమ్మమ్మ లేదు. లాంచీ ఎక్కిన ప్రతిసారీ పక్కవాళ్ళు కొండలతో సెల్ఫీలు దిగుతుంటే, నేను నీళ్ళలోకే చూస్తాను... కనబడదని తెలిసినా.

మీ ఇంట్లోనూ ఇలా ఊరు వదిలి వచ్చిన వస్తువేదైనా ఉందా... ఉంటే చెప్పరూ?