చంద్రకాంతమ్మ చెప్పిన అరబ్బీ మాట

నగరిలో మరమగ్గాల వీధి వాళ్లకు చంద్రకాంతమ్మ అంటే మగ్గాలకు నూలు కండెలు చుట్టే మనిషి. పదకొండేళ్లు కువైట్‌లో ఇంటిపని చేసి వచ్చిందని అందరికీ తెలుసు. అక్కడ ఆమె చూసుకున్నది మంచం పట్టిన ఒక పాలస్తీనా ముసలమ్మను అని మాత్రం ఎవరికీ తెలియదు. ఆ ముసలమ్మ తాను వదిలివచ్చిన ఊరి గురించి, బావి గురించి, అంజూర చెట్టు గురించి చెప్పిందే చెప్పేది. వినీ వినీ ఆమె అరబ్బీ చంద్రకాంతమ్మకు వంటబట్టింది. ఏ భాషలోనూ చదవడం పెద్దగా రాదు, ఆ మాట చెవిన పడితే మాత్రం తడుముకోదు.

రాజారత్నం హైస్కూల్లో పాఠాలు చెప్పి రిటైరైన అయ్యవారు. గాజా వార్తలు చూసి ఊరుకోలేక, అరబ్బుల పోరాటాల మీద తీసిన సినిమాలను ఊరికి ఉచితంగా చూపిస్తానని పూనుకున్నాడు. మార్కెట్ వెనక ఖాళీ స్థలంలో మగ్గం గుడ్డ తెరగా కట్టాడు. మొదటి ఆదివారం ముప్పై మంది వచ్చారు. కింద ఇంగ్లీషు అక్షరాలు పరుగెడుతుంటే ఒక్క ముక్క అర్థంకాక, తెచ్చుకున్న చెనక్కాయలు అయిపోగానే లేచిపోయారు. వెనక వరసలో చంద్రకాంతమ్మ ఒక్కతే పక్కింటామెకు గుసగుసగా కథ చెబుతూ ఉంది. అయ్యవారు విన్నాడు.

“నీకిదంతా అర్థమవుతాందా, సంద్రకాంతమ్మా?”

“మూడొంతులు అవుతాది అయివోరా. సదువుకున్నోళ్ల మాటలు కొన్ని తెలీవు.”

“తెలీనికాడ నన్నడుగు. కింద ఇంగ్లీషు సూసి నేను సెప్తా. నువ్వు మైకు పట్టుకో.”

పిలిచి మైకు చేతికిచ్చిన మనిషి ఆమె బతుకులో ఆయనొక్కడే. మరుసటి వారం నుంచి ఆమె గొంతు కోసం జనం వచ్చారు. తెర మీద తల్లి ఏడిస్తే ఆమె గొంతు వణికేది. మూడో ఆదివారానికి రెండు వందల మంది చాపలు తెచ్చుకుని కూర్చున్నారు. “ఈమె మా సంద్రకాంతమ్మ” అని అయ్యవారు అందరికీ చెప్పుకునేవాడు. ఆమె ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చేది.

నాలుగో వారం సినిమాలో సైనికులు పొలం కొలవడానికి వస్తారు. ఒక ముసలామె గట్టు మీద కూర్చుని ఏదో అంటుంది. యాస, ఆపి ఆపి పలకడం, అచ్చం కువైట్ ముసలమ్మే. చంద్రకాంతమ్మ గొంతు సవరించుకుని చెప్పింది:

“మీ కాగితం మీద సిరా నిన్న ఆరింది. ఈ మడి కయ్యలో మా తాత చెమట ఇంకా ఆరలేదు. నేను లెయ్యను.”

చెప్పి, సరిగా చెప్పానా అన్నట్టు అయ్యవారి వైపు చూసింది. ఆయన తెర కింది అక్షరాలు చదివి తల ఊపాడు.

కొత్త రోడ్డుకు పొలాలు పోతున్నవాళ్లు ఆ జనంలో పదిమంది దాకా ఉన్నారు. “ఇది మన సంగతే గదరా!” అని ఒకాయన లేచి అరిచాడు. మర్నాడు వాళ్లంతా వెళ్లి సర్వే వాళ్లకు అడ్డంగా గట్ల మీద కూర్చున్నారు. చంద్రకాంతమ్మ మాట్లాడిన వీడియో ఫోన్లలో తిరిగింది. మూడో రోజు ఆమెను స్టేషన్‌కు పిలిచారు.

ఇన్‌స్పెక్టర్ ఒక కాగితం తీసి చదివాడు. “తెలుగులో చెప్పిన స్త్రీ చదువు రానిది. సినిమాలో లేని మాటలు సొంతంగా చేర్చింది. నాకు అరబ్బీ రానందున ఆ సంగతి తెలియలేదు.”

“ఎవురు సార్ రాసింది?”

“మీ అయివోరే.”

నమ్మలేక ఇంకోసారి చదవమంది. రెండోసారీ అదే ఉంది. ఇకమీదట మైకు పట్టనని వాళ్లే రాసి, సంతకం పెట్టించుకుని పంపేశారు.

నేరుగా అయ్యవారి ఇంటికి వెళ్లింది. రాజారత్నం గేటు తీయలేదు, లోపలి నుంచే మాట్లాడాడు.

“కింద ఇంగ్లీషులో అదే మాట ఉండ్లా అయివోరా? మీరు సదవలా? నా పక్క సూసి తలకాయ ఊపలా?”

“మెల్లగా మాట్లాడు. నా పింఛను ఆపేస్తామనిరి వాళ్లు. నిన్నేం చేస్తారమ్మా, సదువు రాని ఆడమనిషివని వదిలేస్తారు గదా. వదిలేసిరి గదా!”

“వదిల్నారు. అబద్ధాలకోరని పేరు పెట్టి వదిల్నారు.”

ఆయన వీధి అటూ ఇటూ చూశాడు.

“సదువు లేందాన్నని మీకు ముందే తెల్సు. అందుకేనా మైకు నాకిచ్చింది?” అంది. ఆయన లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాడు. ఆమె వచ్చేసింది.

వీధిలో మాట మారిపోయింది. “కల్పించి సెప్పిందంటనే” అన్నారు, మొన్నటిదాకా ఆమె పక్కన కూర్చోవడానికి పోటీపడినవాళ్లే. రెండు నెలలకు పక్కనున్న పుత్తూరులో అయ్యవారి సినిమాలు మళ్లీ మొదలయ్యాయి. ఎక్కడి నుంచో తెచ్చిన లెక్చరర్ కాగితం చూసి తెలుగు మాటలు చదువుతున్నాడని, అయ్యవారికి శాలువా కప్పారని చంద్రకాంతమ్మ కండెలు చుట్టేచోట విన్నది. తలెత్తలేదు.

మొన్న టీకొట్టు టీవీలో గాజా తల్లి ఒకామె కెమెరా ముందు గుండెలు బాదుకుంటోంది. కొట్టాయన వెనక్కి తిరిగి, “ఏమంటా ఉండాది అక్కా?” అని అడిగాడు.

ఆ తల్లి అంటున్న ప్రతి మాటా చంద్రకాంతమ్మకు తెలుసు.

“నాకా భాష రాదప్పా” అని, టీ సగంలో వదిలేసి మగ్గాల వైపు నడిచింది.